గోతులు దాటే బొమ్మ, మా మాస్టారి తాళం

మా వీడియో గేమ్‌ని మృదంగం మాస్టారు సైకిలు వెనక కట్టుకుని పట్టుకుపోయిన రోజు నేను అన్నం తినలేదు. మా మేనమామ రాయపూర్‌లో కొనిచ్చిన గేమ్ అది, టీవీకి తగిలించి ఆడుకునేది. "ఆయనకెందుకమ్మా అది?" అని ఏడిస్తే అమ్మ అట్లకాడ ఊపుతూ, "మూడేళ్ల బట్టి నీకు తాళం నిలవట్లేదు కదే గుంటా! ఆ బొమ్మాటతోనైనా వస్తాదేమో, నోరుమూసుకో" అంది.

అమ్మ అన్నది నిజమే. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మృదంగం ముందు కూర్చుంటే ఎవరో తరుముతున్నట్టు నా చేతులు పరుగు పెట్టేవి; చూసినవాళ్లకే తెలిసిపోయేది. ఆ ఆదివారం మాస్టారు మా క్వార్టరుకి వచ్చిందే, ఇంక ఈ పిల్లని మానిపించెయ్యండి అని చెప్పడానికి. నేనేమో ఆయన్ని చూసి కూడా లేవకుండా ఆడుతూనే ఉన్నాను. తెర మీద ఒక బొమ్మ పరిగెడుతుంది. సమాన దూరంలో గోతులొస్తాయి. బటన్ నొక్కితే ఎగిరి దాటుతుంది. గ్లాసులో కాఫీ చల్లారిపోయేదాకా మాస్టారు నా బొటనవేలినే చూశారు. "ఒక్క గొయ్యీ తప్పట్లేదేటే నీకు! లయ ఉంది కదే నీ దగ్గర. దొంగమొహమా, ఇన్నాళ్లూ దాచీసేవు!" అన్నారు.

మాస్టారిది శ్రీకాకుళం వైపు. పగలు మా ఊరి ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో పని, సాయంత్రం తన క్వార్టరు ముందుగదిలో మాకు పాఠం. ఒకప్పుడు ఆ గదిలో చాప చాలేది కాదట. అప్పటికి నలుగురం మిగిలాం. "మాస్టారు ఈమధ్య తప్పులు పట్టట్లేదు, ఎలా వాయించినా భేష్ అంటున్నారు" అని తల్లిదండ్రులు గొణిగేవాళ్లు. శ్రీరామనవమి పందిట్లో మేం సరిగ్గా వాయించకపోతే మా నాన్నతో సహా అందరూ పిల్లల్ని మానిపించేలా ఉన్నారు. అదే జరిగితే మాస్టారు చాప చుట్టేసుకోవాల్సిందే.

మర్నాటి నుంచి ఆ చాప ముందు టీవీ వెలిసింది. శబ్దం పూర్తిగా తగ్గించేశారు. గేమ్‌లో వచ్చే పాట వింటే మీ తాళం పాడైపోతాదన్నారు. ఒకరు గేమ్ ఆడాలి, ఒకరు వాయించాలి. బొమ్మ నేల మీద దిగిన క్షణానే చెయ్యి పడాలి. రెండో స్టేజీలో బొమ్మ వేగం పెరిగితే, "ఇదిగో, ఇది రెండో కాలం" అనేవారు. టీవీ పక్కన నిలబడి, ఒకసారి బొమ్మనీ ఒకసారి మా చేతినీ చూస్తూ, "ముందు పడ్డావు! గోతిలోకి పోనావు!" అని కేకలేసేవారు. నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లం. విచిత్రం ఏమిటంటే, నెల తిరక్కుండా నా చేతుల పరుగు ఆగింది. మాస్టారు మళ్లీ తప్పులు పట్టుకుంటున్నారని ఊరు కూడా ఒప్పుకుంది.

నాకు మాత్రం నా గేమ్ పోయిందన్న కచ్చ తీరలేదు. ఒకరోజు కోతిచేష్ట చేశాను. బొమ్మ దిగిన ప్రతిసారీ సరిగ్గా చెయ్యి దించాను గానీ చర్మానికి తగలనివ్వలేదు. గదిలో చప్పుడన్నదే లేదు. మాస్టారు తెర చూశారు, నా చెయ్యి చూశారు. "శెభాష్! ఇదీ లెక్క!" అన్నారు. మిగతా ముగ్గురూ పగలబడి నవ్వారు. "దీదీనే తో బజాయా హీ నహీఁ!" అంది ఒక పిల్ల హిందీలో, అక్క అసలు వాయించనే లేదని. నవ్వులు చూసి, ఎందుకో తెలియకుండానే ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు చూశాక నేను మృదంగం పక్కకి జరిపేశాను.

మా వీధిలో మిల్లుకి వెళ్లే మగాళ్లందరూ అరుస్తూనే మాట్లాడేవారు. "ఏటీ? గట్టిగా సెప్పు" అనని నాన్న ఒక్కడు లేడు. అందుకే మాస్టారి అరుపు ఎవరికీ వింతగా తోచలేదు. మిల్లు మనిషి కదా అనుకున్నామంతే. ఇంకో ఊళ్లో అయితే ఎప్పుడో పసిగట్టేవాళ్లు.

మాస్టారి భార్యని పిన్నీ అని పిలిచేవాళ్లం. ఆమె వంటింటి గుమ్మంలోంచి అంతా చూసింది. పాఠం అయ్యాక గేటు దాకా నాతో వచ్చింది. "ఇరవై ఐదేళ్లు ఆ ఇనప చప్పుళ్లలో ఉన్నారమ్మా. రెండు చెవులూ పోనాయి. మిల్లు నుంచి వచ్చేక ఆయన బతికేది ఈ రెండు గంటలే. నీ నోటంట రానీకు తల్లీ" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. నాకు తాళం నేర్పడానికని పట్టుకెళ్లిన గేమ్, ఆయనకి మా తాళం కనిపించే ఒకే ఒక్క దారి.

నవమి పందిట్లో టీవీ ఉండదు కదా! ఆ బెంగ పిన్నికంటే నాకే ఎక్కువైంది. వేదిక మీద నేను పట్టుబట్టి మాస్టారికి ఎదురుగా కూర్చున్నాను. తాళం తిరిగొచ్చే ప్రతి ఆవృత్తం మొదట్లోనూ, ఆ బొమ్మ గొయ్యి దాటినట్టు తల ఎత్తి దించాను. ఆయన కళ్లు నా మీంచి కదల్లేదు. తొడ మీద చేత్తో తాళం వేస్తూ, ఒక పిల్ల వెనకబడితే వేలెత్తి అదిలించారు కూడా. ముందు వరసలో మా నాన్న పక్కవాళ్లకి వినబడేలా, "మాస్టారి చెవి చెవేరా బాబూ!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా తల ఊపడం ఆపలేదు.

తర్వాతి ఆదివారం మాస్టారు సైకిలు మీద గేమ్ తెచ్చి మా గుమ్మంలో దించారు. "ఇంక నీకిది పాఠానికక్కర్లేదే. హాయిగా ఆడుకో" అన్నారు. మిగతావాళ్ల పాఠం ఎలా చెప్తారని అడగలేదు నేను. ఆయన ఎదురుగా నిలబడి, నా పెదాలు కనిపించేలా నెమ్మదిగా అన్నాను:

"మీ దగ్గరే ఉంచండి మాస్టారూ. నాకింకా తాళం రాలేదు."

అరవకుండానే అన్నాను. ఆయనకి అర్థమైంది. ఎందుకు అరవలేదో కూడా అర్థమైంది. తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "అవునే, నీకింకా రాలేదు. రేపు పెందరాళే వచ్చీ" అంటూ గేమ్‌ని మళ్లీ సైకిలుకి కట్టుకున్నారు.