ఇంట్లోనే దొరికే బీరు

ఆగస్టు చివరికల్లా మా మాక్సీ ఊళ్లో గాలి నిండా హాప్స్ పూల వాసనే. కొత్తగా వచ్చినవాళ్లు ఆహా అంటారు. ఇక్కడ పుట్టినవాళ్లు కారు అద్దాలు ఎక్కిస్తారు. వెండెల్ టెసియర్ రెండో రకం. హాప్స్ ఆరబెట్టే బట్టీలో బర్నర్లు చూసుకుని రిటైరైన మనిషి. బీరుకు చేదూ వాసనా ఇచ్చేవి ఆ పూలే. అతను తాగేది మాత్రం వాటి జాడ కూడా తెలియని చవక బీరు. "జీవితమంతా చొక్కాలోంచి దులుపుకున్నదాన్ని ఇప్పుడు డబ్బిచ్చి తాగాలా?" అనేవాడు.

తాగడానికి గురువారం సాయంత్రాలు బారుకు వెళ్లేవాడు. బట్టీలో కలిసి పనిచేసిన ఆర్లో పక్కన కూర్చుని, పెద్దగా ఏమీ మాట్లాడకుండా ఇంటికొచ్చేవాడు. వారంలో అతనిదంటూ ఉన్నది ఆ కాస్త సమయమే. రిటైరయ్యాక భార్యాభర్తలు మరింత దగ్గరవుతారని చెప్పేవాళ్లు, ఒకే వంటింట్లో ఇద్దరు మనుషులు రోజంతా ఒకరికొకరు అడ్డం పడటం చూసి ఉండరు.

పుట్టినరోజుకు భార్య డోరీన్ ఇంట్లో బీరు కాచుకునే సామాను కొనిచ్చింది. మూతకు గాలి గొట్టమున్న బకెట్, బార్లీ పాకం, ఈస్ట్, హాప్స్ దండిగా వేసే పేల్ ఏల్ అనే రకం బీరు తయారీ కాగితం.

"బీరు కోసమేగా అంత దూరం పోతున్నావు? ఇకనుంచి ఇంట్లోనే దొరుకుతుంది" అంది.

వెండెల్ బకెట్ మూత తీసి లోపలికి చూశాడు. బీరు కోసం కాదంటే, మరి దేనికోసమని అడుగుతుంది. దానికున్న ఒక్క జవాబూ భార్య ముఖం మీద చెప్పగలిగేది కాదు. బారుకు పోవడం ఆగిపోయింది.

పాకం కాచాడు, చల్లార్చాడు, బకెట్లో పోసి ఈస్ట్ చల్లాడు. పొంగు తగ్గాక వాసన కోసం ఎండు హాప్స్ వేసి, మూత బిగించి ఇక ముట్టుకోకూడదు. కానీ అతనివి బట్టీ చేతులు. పూలను అరచేతుల్లో నలిపి వాసన చూస్తే తప్ప వాటికి నమ్మకం కుదరదు. రోజూ మూత తీసి, గుప్పెడు పైకి లాగి నలిపేవాడు. అలా గాలి తగిలితే బీరు పాడవుతుందని తర్వాత కాగితంలో చదివాడు. చదివాక ఇంకాసేపు తెరిచి ఉంచాడు. చెడిపోతే పీడ పోతుంది.

చెడిపోయింది. రుచి చూడటానికి డోరీన్ ఆర్లోను పిలిచిన రోజున గ్లాసుల్లో ఉన్నది నిన్నటి కాఫీ రంగు, తడిసిన అట్టపెట్టె వాసన. వెండెల్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆర్లో మొహమాటం తెలియని మనిషి. ఛీ అని ఒక్క మాటంటే చాలు, గురువారాలు తిరిగొస్తాయి.

ఆర్లో ఓ గుక్క తాగాడు. ఎదురుగా డోరీన్ జున్ను ముక్కల పళ్లెంతో నిలబడి ఉంది.

"బాగుంది డోరీన్. ఇంతకన్నా ఘోరమైనవి డబ్బిచ్చి తాగాను."

"విన్నావా వెండెల్? అయితే గురువారాలు నువ్వే ఇక్కడికొచ్చెయ్ ఆర్లో."

బయట ఆర్లో పికప్ ట్రక్కు దగ్గర వెండెల్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "అబద్ధాలకోరు వెధవా, అది కుక్క కూడా తాగదు."

"ఆమె అలా పళ్లెం పట్టుకు నిలబడితే ఏమనమంటావు? మొగుడివి, నువ్వే చెప్పుకో."

"గురువారం వస్తావా?"

"ఆ బీరు తాగడానికా? నన్నొదిలెయ్ నాయనా."

లోపల డోరీన్ సీసాలు కడుగుతోంది. వెండెల్ ఆమె వీపు వైపు చూస్తూ అన్నాడు: "డోరీన్, నేను బారుకు పోయింది బీరు కోసం కాదు."

ఆమె కొళాయి కట్టలేదు. "తెలుసు. బీరు కోసమే అయితే కొట్లో డబ్బాలు కొనిపెట్టేదాన్ని. ఇది తయారవడానికి వారాలు పడుతుంది, మధ్యలో నువ్వు కనిపెట్టుకుని ఉండాలి. అందుకని కొన్నాను." కడిగిన సీసా పక్కన పెట్టింది. "నువ్వు బారుకెళ్లిన సాయంత్రం ఈ ఇల్లెలా ఉండేదో నీకు తెలీదు. అప్పుడు నువ్వు ఇక్కడ లేవుగా."

తుడిచే గుడ్డ అతని వైపు చాచింది. వెండెల్ అందుకున్నాడు.

ఆ గురువారం రెండో విడత పాకం పొయ్యెక్కింది. పొంగిపోకుండా చూసుకోవాలి గనుక అతను గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పక్కన కుర్చీ లాక్కుని డోరీన్ ఆ రోజు తన చెల్లెలు ఫోన్లో ఏమందో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.