మాట కనబడే దూరంలో

పోయిన వారం నా చెవులకు పరీక్ష చేశారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను వినబడినప్పుడూ నొక్కాను, వినబడుతుందేమో అనిపించినప్పుడూ నొక్కాను. బ్యాంకులో ఇన్నేళ్ళు పనిచేసిన మనిషిని కదా, పరీక్షంటే మార్కులు తక్కువ రాకూడదని ఒక పట్టుదల. అద్దానికి అవతల మా అమ్మాయి పగలబడి నవ్వుతోంది. నవ్వు కనబడుతోంది, వినబడడం లేదు. అలా మూసిన గదిలో కూర్చుని ఎదుటి మనిషి నోటిని చూస్తున్నప్పుడు మా చిన్నబాపు గుర్తుకొచ్చాడు. ఆయన ముసలితనం మొదలైన రోజులు అచ్చంగా అలాగే గడిచాయి.

చిన్నబాపు మా నాన్నకు తమ్ముడు. సిరిసిల్ల దగ్గరి మా ఊరి నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చి, బమ్రోలిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, జుట్టు నెరిసేదాకా పనిచేశాడు. నాకు బ్యాంకు ఉద్యోగం ఈ ఊళ్ళోనే పడడంతో పుట్టిల్లు లేని లోటు వాళ్ళింటితో తీరింది. సాంచాలు ఆడే షెడ్డులో పక్క మనిషి అరిచినా వినబడదు. అక్కడివాళ్ళు పెదాలతో, వేళ్ళతో, కనుబొమలతో మాట్లాడుకుంటారు. పోగు తెగిందన్నా, టీ వచ్చిందన్నా, సేఠ్ వస్తున్నాడు జాగ్రత్త అన్నా అంతా సైగలే. ఆ అలవాటు చిన్నబాపు ఇంటికీ తెచ్చుకున్నాడు. ఏ కబురు చెప్పినా చేతులు గాలిలో ఈదాల్సిందే. సేఠ్ పొట్ట సర్దుకుంటూ షెడ్డులోకి వచ్చే తీరును ఆయన చేసి చూపిస్తుంటే, మా పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు కూడా గరిటెలు వదిలేసి వచ్చి చూసేవాళ్ళు. ‘చేతులు కట్టేస్తె మీ చిన్నబాపు మూగోడే’ అనేది ఆయన భార్య, మా చిన్నమ్మ.

అంతటి మాటకారి, పని మానేసిన కొన్నేళ్ళకు మారిపోయాడు. కరోనా వచ్చి అందరం మాస్కులు తగిలించుకు తిరుగుతున్న కాలం అది. తిన్నావా అని అడిగితే నిన్ననే అనేవాడు. పదిమందీ నవ్వినప్పుడు నవ్వేవాడు, కానీ ఒక క్షణం ఆలస్యంగా. తరవాత అదీ మానేసి, నలుగురు చేరగానే లేచి లోపలికి పోయి పడుకునేవాడు. కూరగాయల బజారులో ఒకసారి అమ్మేవాడు ఏదో అడిగితే ఈయన ఇంకేదో చెప్పాడు, మాటా మాటా పెరిగింది. చిన్నబుచ్చుకుని తిరిగొస్తూ, వెనక నుంచి బట్టల మూటలతో వస్తున్న టెంపో హారన్ పట్టించుకోకుండా రోడ్డుకు అడ్డం వెళ్ళాడు. టెంపో అంచు తగిలి పడ్డాడు. మోకాళ్ళు చీరుకుపోయి రక్తం కారింది. అంతటితో పోయింది, అదృష్టం.

ఆయన కొడుకు, మా తమ్ముడు, తండ్రంటే ప్రాణం పెట్టే మనిషి. బయట నుంచి రోగం మోసుకొచ్చి తండ్రికి అంటిస్తానేమోనని ఇంట్లో కూడా మాస్కు తీసేవాడు కాదు. వాడే నాకు ఫోన్ చేశాడు. ‘అక్కా, బాపుకు మతి తప్పుతుంది. ఏదడిగినా ఇంకోటి చెప్తుండు. నాకు భయమైతుంది’ అన్నాడు. నేను వెళ్ళేసరికి, ఆయన మళ్ళీ ఒక్కడే రోడ్డు మీదికి పోకుండా, వీధి వైపు గ్రిల్లుకు తాళం వేసి ఉంది. చిన్నబాపు దాని వెనక కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు గానీ, ఒక్క కబురూ చెప్పలేదు.

‘మతి ఏడికి పోలే బిడ్డా’ అంది చిన్నమ్మ, నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి. ‘నేను ఎదురుంగ కూసుంటె అన్ని మంచిగనె మాట్లాడుతడు. అటు తిరిగి మాట్లాడితెనే ఏదేదో చెప్తడు. గీళ్ళు నా మాట ఇంటలేరు.’

మతిమరుపు డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. డాక్టరు నెమ్మదైన గుజరాతీ మనిషి, మొహానికి మాస్కు, కిటికీకి వీపు. హిందీలో అడిగాడు. ఇవాళ ఏ వారం అని ‘వార్’ అంటే, చిన్నబాపు ‘ఘర్’ అనుకుని, ‘బమ్రోలి’ అన్నాడు. వందలోంచి ఏడు, అంటే ‘సాత్’, తీసెయ్యమంటే, ‘సాథ్ మే ఘర్‌వాలీ ఆయీ హై’, మా ఇంటిది తోడు వచ్చింది, అని చిన్నమ్మను చూపించాడు. మా తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు ఏదో రాసుకోబోతుంటే చిన్నమ్మ లేచి నిలబడింది. ‘సాబ్, జరా మాస్క్ నీచే కరో. ఫిర్ పూఛో’ అంది, చేతులు జోడించి.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. కుర్చీ వెనక్కి జరుపుకుని, వెలుతురు తన మొహం మీద పడేలా తిరిగి, మాస్కు దించి, మళ్ళీ మొదటి నుంచి అడిగాడు. చిన్నబాపు నడుము నిటారైంది. మంగళవారం అన్నాడు. వందలోంచి ఏడేసి తీసుకుంటూ బండిలా దిగిపోతుంటే ఇక చాలని డాక్టరే చెయ్యెత్తాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ ఆయన సగం మాటలు పెదాల మీదే చదువుకున్నాడు. ఊరు ఊరంతా నోళ్ళు మూసుకునేసరికి ఆయన చదువుకునే పుస్తకం మూసుకుపోయింది. డాక్టరు చిన్నమ్మకు చెయ్యెత్తి నమస్కారం పెట్టి, ముందు చెవులు చూపించుకుని, ఆ తరవాత జ్ఞాపకశక్తి సంగతి మరోసారి చూద్దాం అన్నాడు.

చెవుల డాక్టరు గులిమి తీయించాడు. కొంచెం తేటపడింది. మిగతాది సాంచాల మోత తినేసిందనీ, అది తిరిగి రాదనీ, చెవి మిషన్లు పెట్టుకుంటే చాలావరకు నడుస్తుందనీ చెప్పాడు. మిషన్లు పెట్టిన మొదటి రోజు చిన్నబాపు చెవులు మూసుకుని, ‘నా చెవుల మల్ల సాంచాలు పెట్టిన్రు గదే! తీసెయ్యి’ అని కేకలు పెట్టాడు. గిన్నెల చప్పుడు, చెప్పుల చప్పుడు, తన గొంతు, అన్నీ ఒకేసారి మీద పడ్డాయట. రెండో రోజుకు మిషన్లు డబ్బాలోకి పోయాయి. చాలా ఇళ్ళలో ఆ కథ అక్కడితో ముగుస్తుంది.

చిన్నమ్మ ముగియనివ్వలేదు. చెవులకు కొత్త పని నేర్పాలంటే తొందర పనికిరాదని మిషన్లు అమర్చిన అమ్మాయి చెప్పిన మాట ఆమెకు బాగా పట్టింది. పొద్దున టీ అయ్యాక లోపలి గదిలో, ఫ్యాన్ కూడా ఆపి, ఇద్దరే కూర్చునేవాళ్ళు. కాసేపు మాట్లాడడం, తీసెయ్యడం. కొన్నాళ్ళకు ఫ్యాన్ వేసి మాట్లాడుకున్నారు. ఆ తరవాత మూడో మనిషిని రానిచ్చారు. వసారా, వీధి, అన్నిటికన్నా చివర బజారు. గోల ఎక్కువుందంటే వెంటబెట్టుకెళ్ళి ఆ అమ్మాయితో సర్దించుకొచ్చేది. స్నానానికి ముందు తీయించేది. వానాకాలం చెమ్మకు పాడవకుండా రాత్రుళ్ళు తుడిచి పొడి డబ్బాలో పెట్టేది. ఒకరోజు చిన్నబాపు అదాటున లేచి, ‘గీ ఫ్రిజ్ ఇన్నొద్దుల సంది గిట్లనె గురక పెడుతుందా?’ అని అడిగాడు. ‘నీకంటె నయమే’ అంది చిన్నమ్మ.

ఇంట్లోవాళ్ళకు పెట్టిన క్రమశిక్షణ ఇంకా గట్టిది. వెనక నుంచి పిలవకూడదు, ఎదురుగా వచ్చి భుజం తట్టాలి. ఒకరి తరవాత ఒకరే మాట్లాడాలి. అన్నం దగ్గర టీవీ బంద్. ఒక మాట అందకపోతే అదే మాట అరవకుండా ఇంకో మాటతో చెప్పాలి. అన్నిటికన్నా ఆమెకు పట్టింపు ఒక్క దాని మీద. ‘అందరు నవ్వుతరు. ఏందని అడిగితె ఏం లేదు తియ్యి అంటరు. గా మాటకు మనిషి లేసి లోపలికి పోడా? జర ఓపిక పట్టి చెప్పుండ్రి’ అనేది. ఆ మాట ఆమె ఎవరినీ గద్దించినట్టు అనలేదు. అయినా ఆ తరవాత ఆ ఇంట్లో ‘ఏం లేదు తియ్యి’ మళ్ళీ వినబడలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. చిన్నమ్మ సర్వపిండి కాలుస్తోంది. చిన్నబాపు వసారాలో మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. తమ్ముడు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, గ్రిల్లు తాళం ఇంకొన్నాళ్ళు ఉంచుదామని తల్లితో మెల్లగా అంటున్నాడు.

‘ఇనవడుతుంది బిడ్డా’ అంది వసారాలోని వీపు.

చిన్నమ్మ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. తమ్ముడు వెళ్ళి తండ్రికి ఎదురుగా నేల మీద కూర్చుని, ‘భయమైంది బాపు’ అన్నాడు. ‘నాకు కాలేదా?’ అన్నాడు చిన్నబాపు. ‘మీరందరు ఉత్తగ నోళ్ళు ఆడిస్తుంటె, నాకే ఏమన్న అయిందేమో అనుకున్న.’ కొడుకు లేచి తాళం తీశాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి బజారుకు వెళ్ళారు. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడమని తండ్రే కొడుక్కు చెప్పాడట. తరవాత చేసిన జ్ఞాపకశక్తి పరీక్షలోనూ లోపమేమీ కనబడలేదు. మనవలు ‘దాదా, ఖానా తినేసినవా? చలో కేరమ్ ఆడుదాం’ అని మీద పడుతుంటే మాత్రం, ‘నా చెవులు మంచిగైనయి, సరే. వీళ్ళ తెలుగుకేమైంది?’ అని నన్నడిగాడు. సేఠ్ నడక మళ్ళీ మొదలైంది. చూసేవాళ్ళు కొత్త తరం, సేఠ్ ఎవరో తెలియకుండానే నవ్వేవాళ్ళు.

కిందటి చలికాలంలో చిన్నబాపు నిద్రలోనే వెళ్ళిపోయాడు. మొన్న చిన్నమ్మను చూడబోయి, ‘మిషన్లు ఇంకా ముందే పెట్టిస్తే బాగుండు చిన్నమ్మా. మూడు నాలుగేండ్లే దొరికినయి మీకు’ అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, అలవాటు చొప్పున నిదానంగా, పెదాలు స్పష్టంగా కదుపుతూ అంది: ‘తక్కువెందుకైతది బిడ్డా? ఎదురుంగ కూసుండి మాట్లాడుకుంటె ఒక్క పొద్దు ఎంత పెద్దగుంటదో నీకెరుకనా?’ గడియారం చూసుకుంటూ మాట్లాడిన నా ఉద్యోగపు ఏళ్ళన్నిటిలో ఎన్నడూ తోచని సంగతి అది. ఈ వయసులో కాలం నా దగ్గర కొంచెమే మిగిలింది గనక కాబోలు, కాస్త అర్థమవుతోంది.