ఎవరూ అడగని ఇటుక పొడి

ఏ తప్పూ చేయని ఒక కారం మిల్లును, అదీ సరిగ్గా ఆవకాయ రోజుల్లో, ఎవరి సాయమూ లేకుండా నేనొక్కదాన్నే ఐదు రోజుల్లో మూతపడే దాకా తీసుకెళ్ళాను. పోటీ మిల్లుల వాళ్ళు పదేళ్ళుగా ప్రయత్నించి చేయలేకపోయిన పని అది. ఎలా చేశానో దాచకుండా చెబుతాను. మీ ఇంట్లో ఎవరైనా పబ్లిక్ రిలేషన్స్ చదువుతామని బయలుదేరితే ముందు వాళ్ళను కూర్చోబెట్టి ఇది వినిపించండి.

రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం. ఊరు అద్దంకి. నాకు ఇరవై రెండేళ్ళు, చేతిలో దూరవిద్యలో సంపాదించిన పబ్లిక్ రిలేషన్స్ డిప్లొమా. ఆ చదువు అంటే ఏమిటో ఊళ్ళో తెలిసింది నాకొక్కదానికే. నాకూ సగమే తెలుసన్న సంగతి అప్పటికింకా తెలియదు. చుక్కమ్మ కారం అనే మిల్లులో ఉత్తరాలు టైపు చేయడానికీ, ఫోన్లు ఎత్తడానికీ నన్ను పెట్టుకున్నారు. యజమాని వెంకటరత్నం గారు. కారం ప్యాకెట్ మీద ఉన్న బొమ్మ ఆయన తల్లి చుక్కమ్మ గారిది. ఎనభై దాటినా ఆవిడ నిక్షేపంగా ఇంట్లోనే ఉండేవారు. మిల్లు షెడ్డులో నలభై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేవారు. వాళ్ళకు పెద్ద మస్తాన్‌బీ. మా పక్కింటావిడే. నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే.

నా దగ్గర ఒక ఫైలు ఉండేది. ఇంగ్లీషు పేపర్లో వ్యాపారం పేజీ నుంచి కత్తిరించిన వార్తలన్నీ అందులో అంటించేదాన్ని. ఎక్కడో కూల్‌డ్రింకు సీసాలో బొద్దింక వచ్చిందట, కంపెనీ వారం రోజులు నోరు మెదపలేదట, అమ్మకాలు పడిపోయాయట. ఇంకెక్కడో బిస్కెట్లలో పురుగులొచ్చాయట, కంపెనీ వెంటనే మాట్లాడి బయటపడిందట. ప్రతి వార్త కిందా ఎర్ర పెన్నుతో పాఠం రాసుకునేదాన్ని: ‘సంక్షోభంలో మౌనం ప్రమాదం. ముందే మాట్లాడాలి.’ పాఠాలు నిండుగా ఉన్నాయి. లోటల్లా ఒక సంక్షోభానికే.

మే నెల మొదటి వారంలో అదీ దొరికింది. జిల్లా పేజీలో ఒక మూల నాలుగు లైన్ల వార్త. ఎక్కడో దూరపు జిల్లాలో ఇటుక పొడి కలిపిన కారం పట్టుకున్నారు. మిల్లు పేరు లేదు. అద్దంకి పేరు అసలే లేదు. నేను పేపరు పట్టుకుని వెంకటరత్నం గారి గదిలోకి పరుగెత్తాను.

"సార్, మనం వెంటనే ఖండించాలండీ."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వార్త రెండుసార్లు చదివారు. "మన పేరు ఏడుందమ్మా ఇందులో?"

"లేదండీ. అందుకే ఖండించాలి. పేరు వచ్చాక ఖండిస్తే ఏం లాభం?"

"రాని పేరుని ఖండించేదేంది?"

"దీన్ని ముందుచూపు అంటారండీ. పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇలాగే చేస్తాయి." ఫైలు తెరిచి బొద్దింక, పురుగులు అన్నీ చూపించాను. పాపం, ఆయన చదువుకున్న వాళ్ళను నమ్మే మనిషి. "సరేలే, ఏదో నాలుగు మాటలు చెప్పించు. ఆవకాయ రోజులమ్మా, జాగ్రత్త. ఏడాది వ్యాపారం అంతా ఈ ఇరవై రోజులే" అన్నారు.

నేను నాలుగు మాటలతో ఆగే రకాన్ని కాదు. డిప్లొమా నోట్సు ముందు పెట్టుకుని ఒక ప్రకటన రాసి, నా గొంతుతోనే క్యాసెట్ చేయించి, మైకు కట్టిన ఆటో ఒకటి మాట్లాడాను. మర్నాడు పొద్దున్నే అద్దంకి వీధుల్లో నా గొంతు మోగింది.

"వినియోగదారులకు విజ్ఞప్తి. చుక్కమ్మ కారంలో ఇటుక పొడి లేదు. రంపపు పొట్టు లేదు. బట్టల రంగు లేదు. గుర్రపు లద్దె లేదు. నిశ్చింతగా వాడండి."

గుర్రపు లద్దె ఎందుకొచ్చిందని మీకు అనుమానం రావచ్చు. ధనియాల పొడిలో అది కలుపుతారని నోట్సులో ఉంది. జాబితా నిండుగా ఉంటుందని చేర్చాను. అప్పటికి అద్దంకి మొత్తం మీద ఒక్క గుర్రం లేదు. పెళ్ళి ఊరేగింపుకి కావలసివచ్చినా ఒంగోలు నుంచి తెప్పించుకునేవారు.

మధ్యాహ్నానికి మొదటి ఫోన్ వచ్చింది. మా సరుకు అమ్మే పొదిలి షాపాయన. బస్సెక్కిన వాళ్ళెవరో అక్కడిదాకా కబురు మోసుకెళ్ళారు.

"ఏమ్మా, ఇన్నాళ్ళూ ఇటుక పొడి కలిపారా?"

"అయ్యో, ఎప్పుడూ కలపలేదండీ."

"మరి కలిపారని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండీ."

"ఎవరూ అనకుండానే లేదు లేదని ఊరంతా ఎందుకు తిప్పుతున్నారు?"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే డిప్లొమా నోట్సు తిరగేశాను. "ముందుచూపండీ" అన్నాను. ఆయన "ముందుచూపు నాకూ ఉందిలే. ఆ యాభై కేజీల ఆర్డరు ఆపెయ్" అని పెట్టేశాడు.

ఆ క్షణం నుంచి ఫోన్ దగ్గరే కాపలా కూర్చున్నాను. ఫోన్ మోగితే గుండె జారేది, మోగకపోతే ఇంకా జారేది. రెండో రోజు మూడు షాపుల వాళ్ళు ప్యాకెట్లు వెనక్కి పంపారు. బజార్లో ఆడవాళ్ళు మా కారం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చుక్కమ్మ గారి బొమ్మ వైపు అనుమానంగా చూసి కింద పెట్టేస్తున్నారు.

అప్పుడైనా ఊరుకున్నానా? ఊరుకుంటే ఇది రాయాల్సిన అవసరమేముంది? మూడో రోజు రెండో క్యాసెట్ చేయించాను. "చుక్కమ్మ కారం గురించి వస్తున్న పుకార్లు నమ్మవద్దు" అని. ఈసారి ఆటోను చుట్టుపక్కల పల్లెలకు కూడా పంపించాను. ఆ పల్లెల్లో అప్పటిదాకా ఏ పుకారూ లేదు. సాయంత్రానికి ప్రతి ఇంటికీ నేనే చేరవేశాను.

నాలుగో రోజు షెడ్డులోకి వెళ్తే తొడిమలు తీసే చేతులు ఆగిపోయి ఉన్నాయి. మస్తాన్‌బీ నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మాయ్, మా కోడలు అడుగుతుంది, అత్తా మీరు ఇటుకలకు కూడా తొడిమలు తీస్తున్నారా అని."

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"సరుకు కదలటం లేదు, రేపట్నుంచి పనికి రావొద్దన్నాడు అయ్య. ఈ నెల్లోనే కదా మాకు నాలుగు రోజులు గట్టిగా పని దొరికేది. నలభై మందిమి ఏడికి పోవాల? నువ్వు చదువుకున్న పిల్లవని నేనే చెప్పి పెట్టించా."

తిట్టినా బాగుండేది. ఆ చివరి మాటకు నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ రోజు అన్నం సయించలేదు. ఇక మాటలతో లాభం లేదు, కళ్ళారా చూపించాల్సిందే అనుకున్నాను. నా ఫైల్లో దానికీ ఒక పాఠం ఉంది: ‘యజమానే స్వయంగా జనం ముందు వాడి చూపాలి.’

ఐదో రోజు పొద్దున పది గంటలకు బస్టాండు సెంటర్లో బల్ల వేయించాను. బేసిన్‌లో వేడన్నం, గిన్నెలో నువ్వుల నూనె, జనం ముందే విప్పిన మా కారం ప్యాకెట్, పక్కనే పేర్చిన మరికొన్ని ప్యాకెట్లు. ఇద్దరు విలేకరులను పిలిచాను. మస్తాన్‌బీతో పాటు షెడ్డు ఆడవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. బస్సు కోసం వచ్చినవాళ్ళు బస్సు వదిలేసి చూస్తున్నారు. వెంకటరత్నం గారితో మాత్రం "మీరొచ్చి నిలబడండి సార్, చాలు" అని చెప్పాను. మిగతాది ఆయనకు సర్‌ప్రైజు.

మైకు పట్టుకున్నాను. "మా యజమాని గారు మా కారం తప్ప ఇంకొకటి ముట్టరు. ఇప్పుడు మీ అందరి ముందూ తింటారు." ఎర్రగా అన్నం కలిపి, నిమ్మకాయంత కాదు, నారింజకాయంత ముద్ద చేసి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ముద్ద వైపు చూశారు, నా వైపు చూశారు. "నేను తినలేనమ్మా" అన్నారు మెల్లగా. నా చేతిలో మైకు ఉంది. మెల్లగా అన్న ఆ మాట సెంటర్ అంతా వినబడింది.

"ఓనరే తినట్లేదు చూడండ్రా" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఆయనకు తెలుసుగా అందులో ఏముందో" అని ఇంకొకరు.

విలేకరులు గబగబా రాసుకుంటున్నారు. నేను మైకు పట్టుకుని చెమటలు కక్కుతున్నాను. మస్తాన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిల్లు పని అయిపోయింది, నలభై ఇళ్ళ పొయ్యిలు నేనే ఆర్పేశాను అనుకున్నాను.

అప్పుడు రిక్షాలోంచి చుక్కమ్మ గారు దిగారు. ఐదు రోజులుగా మైకులో తన పేరు వినీ వినీ, సంగతేమిటో చూద్దామని బయలుదేరారట. జనం దారిచ్చారు. ప్యాకెట్ మీది బొమ్మ నడిచి వస్తుంటే ఎవరు మాత్రం ఇవ్వరు?

"ఏందిరా రత్నం, ఈ జనం?"

నేనే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ జనం వైపు తిరిగారు.

"వాడేం తింటాడు? వాడికి కడుపులో పుండు. కారం ముడితే చస్తావన్నాడు డాక్టరు. పదేళ్ళబట్టి పెరుగన్నమే. కారం మిల్లు ఓనరు కారం తినడంటే పరువు పోద్దని మీ దగ్గర దాచిపెట్టాడు ఎదవ."

వెంకటరత్నం గారు నేల చూపులు చూశారు. చుక్కమ్మ గారు ఆయన చేతిలోంచి ముద్ద తీసుకుని అక్కడే బల్ల అంచున కూర్చుని తినడం మొదలుపెట్టారు. ఒక ముద్ద అయింది. ఇంకోటి కలపమన్నారు. మూడో ముద్దకు ఆవిడ కళ్ళూ ముక్కూ ధారగా కారుతున్నాయి. కొంగుతో తుడుచుకుని, తడిసిన కొంగు పైకెత్తి అందరికీ చూపించారు.

"ఇటుక పొడైతే నాకు కళ్ళెమ్మట నీళ్ళెందుకొస్తయ్? నేను రోట్లో దంచి అమ్మిన దాన్ని. ఇటుకలు కొనాల, మొయ్యాల, దంచాల. మిరగాయని ఎండేస్తే చాలు. మా వాడికి అంత ఒళ్ళొంచే ఓపికే ఉంటే ఈ పాటికి ఇంకో రెండు మిల్లులు పెట్టుండేవాడు."

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత సెంటరంతా నవ్వింది. ఒకావిడ ముందుకొచ్చి ప్యాకెట్లోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. రెండు నిమిషాలు మాట్లాడలేకపోయింది. ఆ తర్వాత, "రెండు కేజీలు ఇవ్వండి" అంది. మధ్యాహ్నానికి బల్ల మీద ప్యాకెట్లు అయిపోయాయి. మర్నాడు పొద్దున షెడ్డులో నలభై మందీ కూర్చుని తొడిమలు తీస్తుంటే గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాను. అంత హాయి నాకు డిప్లొమా వచ్చిన రోజున కూడా కలగలేదు.

అయినా చేసిన పనికి శిక్ష ఉండాలి కదా. రాజీనామా టైపు చేసుకుని వెంకటరత్నం గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, మడిచి, నాకే ఇచ్చేశారు.

"నువ్వెళ్ళిపోతే ఎందుకెళ్ళిపోయిందని జనం అడుగుతారు. ఏదో ఉండబట్టే పంపించేశారంటారు. ఏమీ లేదని చెప్పటానికి నేను మళ్ళీ ఆటో పెట్టాలి. ఆ క్యాసెట్ రాయటానికి మళ్ళీ నిన్నే పిలవాలి. వద్దు తల్లీ, ఇక్కడే ఉండు, నా కళ్ళ ముందుండు."

అలా నా ఉద్యోగం నిలబడింది. ఆ రోజే, తడిసిన ఆ ముసలి కొంగు సాక్షిగా, ఎవరూ అడగని ప్రశ్నకు ఈ జన్మలో జవాబు చెప్పనని ప్రమాణం చేశాను. ఇప్పటిదాకా తప్పలేదు.

ఇది రాయడం పూర్తయ్యాక చివర ఒక వాక్యం చేర్చాను, ‘ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు’ అని. మా ఆయన చదివి, ఆ వాక్యం దగ్గర ఆగి, నా మొహంలోకి అనుమానంగా చూశారు. కొట్టేశాను.