కొరియా భాషలో ‘ఎక్కువ’

డెబ్బైల్లో రామగుండం దగ్గర ఒక కర్మాగారంలో యంత్రాలు బిగించడానికి కొరియా నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. వెంట భార్య. ఆమెకు ఏడో నెల. అతనికి కొంచెం ఇంగ్లీషు వచ్చు. ఆమెకు వాళ్ల భాష తప్ప మరేదీ రాదు. గోదావరిఖనిలో మిషన్ దవాఖానలో నర్సుగా చేస్తున్న నన్ను పగటిపూట ఆమెకు తోడుండమని మా డాక్టరమ్మ పంపింది.

“ఆమెకు ఏదన్న ఎక్కువైతే మనకు తెల్వాలె. ముందుగాల ఎక్కువ అనే మాట నేర్చుకో” అంది.

ఒక్క మాటే కదా అనుకున్నాను. ఆదివారం ఆ ఇంజనీరు బల్ల దగ్గర కూర్చోబెట్టి చెబుతుంటే నాలుగు మాటలు తేలాయి. దేనికైనా చాలా ఉందనడానికి ‘మనాయో’. కంచం నిండా ఆప్యాయంగా వడ్డిస్తే ‘పుజిమ్‌హేయో’. బట్టో సమయమో సరిపోయి ఇంకా మిగిలేలా ఉంటే ‘నొంగ్‌నొకేయో’. అంచుదాకా నిండితే ‘కాదుకేయో’. ఈ చివరిది మరీ కష్టం. ఆమె నిండు చెంబు చూపించి “కాదుక్” అంటే నా చెవికి అది ‘కాదు’ అనే వినిపించేది.

“నొప్పి ఎక్కువైతే వీటిలో ఏదంటారు?” అని అడిగాను. పుజిమ్‌హేయో మాత్రం అనరని చెప్పి ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇంకో చిక్కు ఉంది. ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ ఆమె “గ్వెన్‌చనాయో” అనేది, పర్వాలేదని. ఆ మాట చివరా ‘మనాయో’ చివరా ఒకేలా ఉంటాయి. ఆమె గొంతు చాలా చిన్నది. దారి పొడవునా నాలో నేను ఆ మాటలు వల్లించుకునేదాన్ని. “నిద్రల సుత అవే అంటున్నవ్ బిడ్డా. ఏమైంది నీకు?” అంది మా అమ్మ.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం, బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఏదో అంది. చివరి ‘నాయో’ ఒక్కటే వినబడింది. దగ్గరికి వెళ్లి, “గ్వెన్‌చనాయో?” అన్నాను. తల అడ్డంగా ఊపింది.

“పీ... మనాయో.”

పీ అంటే ఏమిటో నాకు తెలియదు. ఎంత అనేది నేర్చుకున్నాను గానీ, ఏది అనేది నేర్చుకోలేదు. మన దగ్గర ఆ మాటకున్న అర్థమే తోచి, ఎండకు విరేచనాలు పట్టాయనుకుని ఉప్పు, చక్కెర నీళ్లు కలపడానికి లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని దుప్పటి మీద పెట్టింది. తడి. చెయ్యి తీసి చూస్తే నెత్తురు.

రోడ్డు మీదికి పరిగెత్తి, వచ్చిన మొదటి జీపును ఆపాను. డ్రైవరు మా నాన్న వయసువాడు.

“కాకా, జర దవాఖానకు తోలు. కడుపుతోటి ఉన్నది, నెత్తురు బాగ పోతున్నది.”

“జల్ది తీస్కరా బిడ్డా” అని, బొగ్గు మసి పట్టిన సీటు మీద తన తువ్వాల పరిచాడు.

డాక్టరమ్మ చూసీ చూడగానే ఆపరేషన్‌కు సిద్ధం చేయమంది. షిఫ్టు దిగిన ఇద్దరు గని కార్మికులు చేతుల మసి కడుక్కుని వచ్చి రక్తమిచ్చారు. ఇంజనీరు వచ్చేసరికి పాప పుట్టింది. పిల్లిపిల్లంత ఉంది. దూదిలో చుట్టి, వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టి, వంతులవారీగా కాపలా కాశాం. తల్లి కళ్లు తెరిచింది గానీ, పాప బతుకుతుందని చాలా రోజులు డాక్టరమ్మ కూడా గట్టిగా చెప్పలేకపోయింది.

వానలు మొదలయ్యాక పాపను తీసుకుని వాళ్లు వెళ్లిపోయారు. స్టేషన్‌లో ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏదో చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నా కళ్లు పాప మీదే ఉన్నాయి. రైలు కదిలాక కూడా, ఆ చిన్న ఛాతీ పైకీ కిందికీ ఆడుతోందో లేదో చూస్తూ, ప్లాట్‌ఫారం చివరిదాకా కిటికీ పక్కనే నడిచాను.