హురకాన్ అంటే ఒంటికాలు

నేనప్పుడు కోదాడ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ని. తొమ్మిదో తరగతికి ఒక ప్రాజెక్టు ఇచ్చాను. ఏదైనా పాత నాగరికత గురించి నాలుగు పేజీలు రాసి క్లాసులో చదవాలి. అందరూ ఈజిప్టు, సింధు తీసుకున్నారు. చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మాత్రం మధ్య అమెరికాలోని మాయా జనం గురించి రాసింది. వాళ్ల గురించి నాకు తెలిసింది తక్కువ. గుడులు కట్టారు, క్యాలెండర్ లెక్కగట్టారు, అంతే.

ఆమె నిలబడి చదివింది. "మాయా వాళ్ల కథల్లో లోకాన్ని పుట్టించిన దేవుళ్లలో ఒకడి పేరు హురకాన్. ఆ పేరుకు అర్థం ఒంటికాలు."

నాకు నవ్వొచ్చింది. "ఒంటికాలితోని లోకాన్నెట్ల పుట్టిచ్చిండమ్మా? కుంటుకుంటనా?" అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది.

"కుంటలే సార్," అందామె, ఆ నవ్వుల మధ్యనే. "దేవుళ్లు భూమీ అని పిలిసిన్రంట. భూమి లేసొచ్చిందంట."

నాకు ఎదురు చెప్పినట్టనిపించింది. నోటుబుక్కు లాక్కుని ఒంటికాలు అన్న వాక్యం మీద ఎర్రగీత కొట్టి, పక్కన 'తప్పు' అని రాశాను.

ఆ శనివారం సూర్యాపేటలో ట్రైనింగ్. బస్సులో ఊసుపోక ఫోన్లో వెతికాను. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. ఆ పేరుకు ఎక్కువగా చెప్పే అర్థం ఒంటికాలే. పిలవగానే నేల లేచి రావడం కూడా ఆ కథలోదే. సోమవారం క్లాసులో చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. మంగళవారమూ చెప్పలేదు. సిలబస్ వెనకబడిందని నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

బుధవారం ఇంటర్వెల్‌లో ఆ అమ్మాయి తండ్రి స్టాఫ్ రూం గుమ్మం దగ్గరికి వచ్చాడు. చంకలో కర్ర. కుడికాలు మోకాలి దాకే ఉంది. మేళ్లచెరువులో సిమెంటు లారీ నడిపేవాడట, యాక్సిడెంటులో పోయిందట. అప్పటిదాకా నాకా సంగతి తెలియదు.

నోటుబుక్కు తెరిచి ఎర్రగీత చూపించాడు.

"సారూ, కోపం జెయ్యకుండ్రి. నా కాలు పోయినకాన్నుంచి మా బిడ్డ నాతోని బయటికొచ్చుడు బంద్ జేసింది. గీ దేవుని ముచ్చట సదివినంక తనే నన్ను కోదాడ బజారుకు తోలుకపోయింది. గీ ఎర్రగీత పడ్డకాన్నుంచి మల్ల ఉలుకు లేదు, పలుకు లేదు. ఇది నిజంగ తప్పేనా? అడిగి పోదామని వచ్చిన."

ఆయనకు కుర్చీ వేయాలని కూడా తోచలేదు నాకు. "తప్పు కాదు. బిడ్డ రాసిందే కరెక్టు. నాకే తెల్వక కొట్టేసిన," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. "గా మాట పిల్లల ముంగట జర చెప్పుండ్రి సారూ. నాకు చెప్తే ఏమొస్తది?"

చెప్తానని మాటిచ్చాను. మర్నాడు క్లాసులో, "హురకాన్ అంటే ఒంటికాలని కొన్ని పుస్తకాల్లో ఉంది, అట్ల కూడా రాసుకోవచ్చు," అని గబగబా అనేసి బోర్డు వైపు తిరిగాను. నవ్వినందుకు, తెలియక కొట్టేసినందుకు చెప్పాల్సిన క్షమాపణ చెప్పలేదు. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆమె తలొంచుకుని ఉంది. పదో తరగతి అయ్యేదాకా నా క్లాసులో ఎప్పుడూ చెయ్యెత్తలేదు.

ఇప్పుడు మిర్యాలగూడలో పనిచేస్తున్నాను. పాత నాగరికతల పాఠం వచ్చినప్పుడల్లా ఆ దేవుడి పేరు, దాని అర్థం చెప్పి, ఆ రోజు నేను నవ్విన సంగతి కూడా దాచకుండా చెప్తాను. మొన్న ముందు బెంచీలోని ఒక పిల్ల అడిగింది, "మరి గా అక్కకు సారీ చెప్పిన్రా సార్?"

లేదన్నాను.