రాయి కింద ఆకుకొమ్మ

మా ఇంగ్లీషు సారు పోయారన్న కబురు నాకు బస్సులో తెలిసింది. నేను కండక్టర్‌ని. ఇల్లందు దాటాక టికెట్లు కొడుతుంటే ముందు సీట్లో ఇద్దరు టీచర్లు మాట్లాడుకుంటున్నారు. "బోనకల్ సారు గుండెపోటుతోని పోయిండట. రిటైరై రెండేండ్లు గూడ కాలే." నా చేతిలో మిషన్ టికెట్ మీద టికెట్ కక్కుతూనే ఉంది. "ఏంది మేడం, ఒక్కనికి మూడు టికెట్లా?" అని ఎదుటి మనిషి గదమాయించాడు. నోరు పడిపోయినట్టు నిలబడ్డాను. ఆ సారు విషయంలో నా నోరు పడిపోవడం ఇది రెండోసారి. మూసుకోవాల్సిన చోట మాత్రం బాగానే తెరిచాను. అది చెప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆయన సొంతూరు బోనకల్ వదిలి పినపాక అవతల మా అడవి పల్లెల హైస్కూలుకి వచ్చారు. బడి పక్కనే కిరాయి గది. శనివారం ఆఖరి పీరియడ్‌లో మా పాఠ్యపుస్తకాలు మూయించి, తన సంచిలోంచి అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకం తీసేవారు. ఎవరో పరాయి దేశపు మనిషి మంచు కురిసే అడవిలో చలికాలమంతా ఒక్కడే బతికి, జరిగింది జరిగినట్టు రాసుకున్న పుస్తకం అది. సారు ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి, వేలు అక్కడే పెట్టి, తెలుగులో చెప్పేవారు.

మాకు అంతా వింతే. "ఆయనకు ఇంట్ల ఎవ్వరు లేరా సార్?" "అలిగి పోయిండా?" "జరమొస్తే దవాఖానాకు ఎవలు తీస్కపోతరు?" మావాళ్లు తునికాకుకు పోయినా, ఇప్పపువ్వుకు పోయినా నలుగురు కలిసే పోతారు. సరదాకి ఒక్కడే అడవిలో ఉండటమేమిటో మా బుర్రకెక్కలేదు. సారు విసుక్కునేవారు కాదు. "పుస్తకం చెప్పిందల్లా నమ్మకండి. అడక్కుండా వదలకండి" అనేవారు.

ఒక శనివారం ఆయనే అడిగారు. "మరి మీ ఊళ్లో ఒక్కరే పోవాల్సి వస్తే ఏం చేస్తారు?"

నేను లేచాను. "దారి చీలిన కాడ పచ్చికొమ్మ ఇరిచి, పోయే దిక్కుకు కొస పెట్టి, మీద రాయి పెడ్తం సార్. తిరిగొచ్చినంక తీసేస్తం. పొద్దుగూకినా కొమ్మ ఆడ్నే ఉంటే ఊరోళ్లు ఎతుకుతరు."

నా మాటల్ని ఆయన ఇంగ్లీషులోకి మార్చి బోర్డు మీద రాశారు. "ఈ పుస్తకం రాసినాయనకి ఈ సంగతి తెలియదమ్మా" అన్నారు. ఇంక నన్ను పట్టేవాళ్లు లేరు.

ఆ రోజే హోంవర్క్ ఇచ్చారు. ఒక గంట ఒంటరిగా, మాట్లాడకుండా కూర్చుని, ఏం విన్నామో రాయాలి. "ఇంటి వెనక కూర్చుంటే చాలు. అడవిలోకి మాత్రం పోవద్దు" అని మూడుసార్లు చెప్పారు.

ఆదివారం నేను అడవిలోకే పోయాను. ఇంటి వెనక కూర్చుంటే అందరూ రాసిందే రాస్తాను కదా! పుస్తకంలో ఆయన ఎవరికీ చెప్పి పోలేదు కాబట్టి నేను కొమ్మ కూడా పెట్టలేదు. కొమ్మ సంగతి క్లాసు మొత్తానికి చెప్పినదాన్ని నేనే. ఒట్టి పొగరు. తిరిగొచ్చేటప్పుడు దారి తప్పాను. చీలిక దగ్గర కొమ్మ లేదు కాబట్టి అటు పోలేదనుకుని, మా అయ్యా ఊరివాళ్లూ వాగు వైపు వెతికారు. పొద్దుగూకే వేళకి నేను పోలీసులకు దొరికాను. అడవిలో ఒంటరి మనిషి కనబడితే నక్సలైట్లకు కబుర్లు మోసేవాళ్ల కింద లెక్కగట్టే రోజులవి.

"ఎవరు పంపిండ్రు? జల్దీ చెప్పు!"

"మా ఇంగ్లీషు సారు" అన్నాను.

తెల్లారి సారుని బడిలోంచే తీసుకుపోయారు, పుస్తకంతో సహా. స్టేషన్‌లో నన్ను ఎదురుగా నిలబెట్టి అడిగారు, "ఈ పిల్లను నువ్వే పంపినవా?" సారు నా వైపు చూశారు. నేను నేల చూశాను.

"అవునండీ. నేనే పంపాను" అన్నారు.

కాదంటే తర్వాతి ప్రశ్న నాకే. ఆ సంగతి నాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. అప్పుడు మాత్రం అమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేని బతుకు! సారుని రెండు రోజులు కూర్చోబెట్టి వదిలారు. తర్వాత సస్పెండ్ చేసి, ఆనక ఎక్కడికో బదిలీ చేశారు. "పిల్లలను అడవికి తోలేటోడు ఏం పంతులు!" అని మా అయ్య ఊరంతా తిట్టాడు. నేను వింటూ అన్నం తిన్నాను.

ఏళ్ల తర్వాత ఇల్లందులో ఆయన నా బస్సెక్కారు. తల నెరిసింది. నన్ను గుర్తుపట్టారు. "ఏమ్మా, బాగున్నావా? ఆ గంటసేపు ఏం విన్నావో నువ్వు రాసివ్వనేలేదు" అని నవ్వారు. "తర్వాత చెప్త సార్" అని వెనక సీట్లలోకి పోయాను, అక్కడ టికెట్ తీసుకోని వాళ్లెవరూ లేకపోయినా. ఖమ్మంలో ఆయన దిగిపోయారు.

కబురు తెలిసిన మర్నాడు సెలవు పెట్టి బోనకల్ బయలుదేరాను. మా ఊరి దారి బస్సు రోడ్డులో కలిసే ఆ చీలిక దగ్గర ఎందుకో ఆగి, మద్దికొమ్మ ఒకటి విరిచి, కొస అటు తిప్పి, రాయి పెట్టాను. బోనకల్‌లో సారు భార్య నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. "మీ ఊరి నుంచి వచ్చాక బడికి వేరే పుస్తకమే తీసుకెళ్లలేదమ్మా. సిలబస్ చాల్లే అనేవారు" అన్నారు.

"సారు పోవద్దనే చెప్పిండు మేడం. నేనే అబద్ధమాడిన" అన్నాను.

"తెలుసమ్మా" అన్నారు ఆవిడ. కోపం లేదు. నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "ఆయన ఉన్నప్పుడు చెప్పుంటే బాగుండేది" అన్నారు.

తిరిగొచ్చాక కొమ్మ తీసేయాలి. నేను తీయలేదు. నా బస్సు రోజూ ఆ చీలిక మీదుగానే పోతుంది. మొన్న మా పల్లె ముసలవ్వ ఒకామె కిటికీలోంచి చూసి, "ఎవలదే బిడ్డా ఆ కొమ్మ? పోయినోళ్లు ఇంక రాలేదా?" అని అడిగింది. "రాలేదవ్వా" అన్నాను. ఆకులు మేకలు తినేశాయి. పుల్ల మాత్రం రాయి కింద అట్లాగే ఉంది, కొస బోనకల్ వైపు.