ఉల్లిపాయలతో పాటు ఓడ

మా మరిది ఓడలో వంటవాడు. ఇంట్లో అందరం వాణ్ణి గరిటె అనే పిలుస్తాం. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి పన్నెండేళ్ళు, ఇప్పుడు నలభై ఆరు. అయినా నాకు వాడు ఒరేయే. వాడి కథ విని "పాపం" అని నిట్టూర్చి పక్కకి తిరిగేవాళ్ళని చాలామందిని చూశాను. నాకు ఎవరి పాపమూ అక్కర్లేదు. నాకు ఒళ్ళు మండుతోంది, ఆ మంట ఇంకో నలుగురికి అంటుకోవాలని రాస్తున్నాను.

గరిటె మొదట బట్టల మిల్లు క్యాంటీనులో వండేవాడు. పూటకి ఆరువందల మంది. ఉప్పు చేత్తోనే వేసేవాడు, కొలత ఉండేది కాదు, ఒక్కనాడూ తప్పలేదు. అంతలో ఎక్కడినుంచో ఓడల్లో చవక బట్ట వచ్చి పడింది. మిల్లు ఒక గజం నేసే ఖర్చుకి బజారులో ఆ బట్ట రెండు గజాలు వచ్చేది. నేనూ కొన్నాను, అబద్ధం ఎందుకు? కిటికీలకి తెరలు కుట్టించి వచ్చినవాళ్ళందరికీ చూపించాను కూడా. ఏడాదిన్నరకి మిల్లుకి తాళం పడింది. ఆ బట్టని మోసుకొచ్చిన ఓడల్లోనే మావాడికి కూడా పని దొరికింది.

పద్దెనిమిదేళ్ళు ఓడల మీద వండాడు. ఎప్పుడో ఓసారి ఇంటికొచ్చేవాడు, రెండు నెలలు తిని పడుకుని, నా వంటకి వంకలు పెట్టి వెళ్ళిపోయేవాడు. "వదినా, ఇది చారా, పాత్రలు కడిగిన నీళ్ళా?" అనేవాడు. "ఓడలో ఇరవై మందికి వండేవాడివి, ఇంట్లో ఇద్దరికి వండి చూపించరా చూద్దాం" అనేదాన్ని. ఓడ పనిలో వాడికో అలవాటు పట్టుకుంది. రేవు నుంచి లాంచీలో ఏది వచ్చినా, బంగాళదుంపలు గానీ నూనె డబ్బాలు గానీ గ్యాసు సిలిండర్లు గానీ, దించుకుని రసీదు మీద సంతకం పెట్టాల్సింది వంటవాడే. తూకం చూసుకోవాలి, సంతకం పెట్టాలి. కాయితం మీద ఏముందో చదవాల్సిన పని ఏనాడూ పడలేదు.

మూడేళ్ళ క్రితం ఒక జలసంధికి అవతల రెండు దేశాలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఎందుకు కొట్టుకున్నాయో నన్నడక్కండి, వాళ్ళకే సరిగ్గా తెలిసినట్టు లేదు. గరిటె ఉన్న ఓడ ఎరువు బస్తాలతో ఇవతలి రేవు బయట లంగరు వేసి ఆగిపోయింది. ఓడలకి బీమా చేసే కంపెనీలవాళ్ళు అమాంతం రేటు పెంచేశారు. ఆ ఓడ ముసలిది. దాన్ని బయటికి తెచ్చేకంటే వదిలేయడమే లాభమని ఓనరుకి తోచింది, ఫోను ఎత్తడం మానేశాడు. ఎరువుకి వేరే యజమాని ఉన్నాడు గనక మూడు వారాల్లో బస్తాలన్నిటినీ ఇంకో ఓడలోకి దించేసుకున్నారు. మనుషులు మాత్రం ఉండిపోయారు.

కెప్టెను గుండెనొప్పి అని దిగిపోయాడు. ఎవరి పలుకుబడి కొద్దీ వాళ్ళు ఒక్కొక్కరే దిగిపోగా నలుగురు మిగిలారు. ఒకరోజు కోర్టు అధికారి లాంచీలో వచ్చాడు. ఆ లాంచీలోనే తాగేనీళ్ళ క్యాన్లూ ఒక బస్తా ఉల్లిపాయలూ వచ్చాయి. గరిటె అలవాటుగా నిచ్చెన దగ్గరికి వెళ్ళి సరుకు దించుకున్నాడు. అధికారి రెండు కాయితాలు చాపాడు. మావాడు రెంటి మీదా సంతకం పెట్టేశాడు.

ఫోనులో ఆ సంగతి చెప్పినప్పుడు నాకు ఇంకా అర్థం కాలేదు. "రెండెందుకురా? ఉల్లిపాయలకి రెండు రసీదులా?"

"ఒకటి నీళ్ళకి అనుకున్నా వదినా."

"చదవలేదా?"

"ఏ భాషో ఏమో. అయినా పద్దెనిమిదేళ్ళలో ఏ కాయితం చదివాను గనక? బస్తా ఎత్తి చూశాను, బరువు సరిగ్గానే ఉంది."

"గడ్డి తింటున్నావట్రా!" అని అరిచాను. అరిచి ఏం లాభం? మొదటిది ఉల్లిపాయలకి. రెండోది ఓడకి. ఓనరు ఎగ్గొట్టిన బాకీల కింద కోర్టు ఓడని జప్తు చేసింది. అలా జప్తు చేసిన ఓడకి చట్టప్రకారం కాపలాగా ఒక మనిషి ఉండాలట, ఆ మనిషి మావాడు. ఓడ అమ్ముడయ్యేదాకానో, ఇంకొకడు వాడి బదులు సంతకం పెట్టేదాకానో కిందికి దిగకూడదు. పాస్‌పోర్టు పట్టుకుపోయారు. ఎనిమిది నెలలకి మిగతా ముగ్గుర్నీ ఇళ్ళకి పంపేశారు. ఇరవైరెండు మంది తిరిగిన ఓడలో గరిటె ఒక్కడూ మిగిలాడు.

డీజిలు అయిపోయింది, దాంతో కరెంటూ పోయింది. పదిహేను రోజులకోసారి వచ్చే లాంచీవాడే వాడి ఫోను ఒడ్డుకి తీసుకెళ్ళి ఛార్జి చేసి, మళ్ళీ వచ్చేటప్పుడు ఇచ్చేవాడు. అది రెండ్రోజులు పనిచేసేది. ఆ రెండ్రోజుల్లో వాడు ఎప్పుడూ ఏడవలేదు. ఒక్కసారి మాత్రం, "ఒక్కడికి వండుకోవడం రావట్లేదు వదినా, ఉప్పెక్కువైపోతోంది" అన్నాడు. ఫోను నా తోడికోడలి చేతిలో పెట్టేసి లేచి పెరట్లోకి పోయాను.

నా తోడికోడలు, అంటే గరిటె పెళ్ళాం, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఇదివరకు విదేశాలకి చొక్కాలు కుట్టేవాళ్ళు. యుద్ధం మొదలయ్యాక ఆ కొట్టుకునే దేశాల్లో ఒకదాని సైన్యానికి ప్యాంట్లు కుడుతున్నారు, చేతినిండా పని, పైగా ఓవర్‌టైము. మొగుణ్ణి ఓడలో బంధించిన యుద్ధానికి పెళ్ళాం జేబులు కుట్టింది. మానేయమన్నాను. "మానేస్తే ఏం తింటాం అక్కా?" అంది. ఆమెనే కసిరాను. టీవీలో ఒక సూటు పెద్దమనిషి, సరుకుల రవాణా త్వరలోనే సర్దుకుంటుందని, కంగారు పడనక్కర్లేదని నవ్వుతూ చెప్పాడు. నీ మొహం మండ, అని టీవీ కట్టేశాను.

నేను బడి ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. అర్జీలు రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరని హెడ్మాస్టరే అనేవారు. ఏడు ఆఫీసులకి రాశాను. ఓడ మీది జెండా ఏదో చిన్న దీవిది, ఓనరు ఇంకో దేశంలో, సరుకు మరొకరిది, సముద్రం మరొకరిది. ఏడుగురూ మర్యాదగా, ఇది మా పరిధిలోకి రాదని జవాబిచ్చారు. అచ్చుతప్పు ఒక్కటి లేదు.

ఇక వాడికి ఓడ పని ఇప్పించిన ఏజెంటు ఆఫీసుకి వెళ్ళాను. "అమ్మా, సంతకం ఆయనదే కదా, నేనేం చెయ్యను?" అన్నాడు. సరేనని అక్కడే కూర్చున్నాను. ఆఫీసు తెరవగానే వెళ్ళడం, మూసేదాకా కూర్చోవడం. ఓడ పనికోసం వచ్చిన ప్రతివాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని, "నాయనా, మా మరిది సంగతి చెప్తాను విను" అని మొదలుపెట్టేదాన్ని. సగం మంది ఫారాలు బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయేవాళ్ళు. తొమ్మిదోరోజుకి ఏజెంటు దిగొచ్చాడు.

"బదులు మనిషి దొరికితే మీవాణ్ణి వదిలేస్తారు. యుద్ధం నుంచి పారిపోయొచ్చినవాళ్ళు ఆ రేవు గోడ పక్కన గుడారాల్లో వేలమంది ఉన్నారు. ఎవడో ఒకణ్ణి పట్టుకొస్తారు."

"ఎవడైతే నాకేంటి? త్వరగా కానివ్వండి" అన్నాను.

ఆ వారం ఫోనులో గరిటె నసిగాడు. "ఏం చెప్పి తీసుకొస్తారో వదినా. వాడికి తెలుస్తుందో లేదో."

"నీకెవరైనా చదివి చెప్పార్రా? నోరు మూసుకుని కలం వాడి చేతికిచ్చి లాంచీ ఎక్కు. నీ పెళ్ళాం మొహం ఎప్పుడైనా గుర్తొస్తోందా నీకు?" అన్నాను. అన్నమాట అన్నట్టే రాస్తున్నాను, దాచుకోను.

గరిటె వచ్చేశాడు. సగం మనిషయ్యాడు. రెండ్రోజులు పడుకునే ఉన్నాడు. మూడోరోజు పొద్దున్న వంటింటి గుమ్మంలో కూర్చుని నేను కూరలు తరుగుతుంటే చూస్తున్నాడు. వాడు ఏదీ నమలకుండా మింగే రకం కాదని నాకు తెలుసు.

"చెప్పేశావు కదూ, నీ బదులు వచ్చినవాడికి?" అన్నాను.

"చెప్పాను వదినా. లాంచీవాడి చేత ఆ కాయితం చదివించి, నాకొచ్చిన ముక్కల్లో రెండుసార్లు చెప్పాను. సంతకం పెడితే దిగలేవు, కరెంటుండదు, పదిహేను రోజులకోసారి తిండి, ఎన్నేళ్ళో తెలీదు అని."

"ఏమన్నాడు?"

"బాంబులు ఇక్కడిదాకా వస్తాయా అనడిగాడు. రావన్నాను. అయితే పెళ్ళాన్నీ పిల్లల్నీ కూడా ఓడ ఎక్కించుకోనిస్తారా అన్నాడు."

కత్తిపీట పక్కకి జరిపాను. "ఎక్కించుకోనిచ్చారా?"

"ఒక్కడికే అన్నాడు ఆఫీసరు. వాడు ఒడ్డున గుడారాలకేసి చెయ్యి చూపించాడు. నాకొచ్చే తిండిలో సగం రోజూ వాళ్ళకి పంపిస్తారా అన్నాడు. రోజూ కుదరదు, లాంచీ వెళ్ళినప్పుడు ఇస్తానన్నాడు లాంచీవాడు. అప్పుడు సంతకం పెట్టాడు. పెట్టి నా చేతులు పట్టుకుని, చోటు ఖాళీ చేసినందుకు దణ్ణం పెట్టాడు వదినా."